కంపెనీ వాళ్లది, ఊరు మనది: కేసు ఎక్కడ వేయాలి?

ఉప్పుటేరు:

భోపాల్ మాట వచ్చినప్పుడల్లా మా నాన్న ఒకటే అంటాడు: "అమెరికా వాడు మనల్ని చంపి చేతులు దులుపుకుని పోయాడు." చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కాబట్టి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. ఈమధ్య జాంబియా కేసు చదివాక మాత్రం ఆ మాటకు ఇంకో పక్క కనిపించింది. అక్కడ కంపెనీ మనవాళ్లది.

క్లుప్తంగా చెప్తాను. జాంబియాలో చింగోలా ఊరి దగ్గర న్చంగా రాగి గని ఉంది. నడిపేది కొంకోలా కాపర్ మైన్స్. అందులో నాలుగింట మూడొంతుల పైన వాటా వేదాంత రిసోర్సెస్‌ది, మిగతాది జాంబియా ప్రభుత్వ సంస్థది. గని నుంచి విషపు నీళ్లు 2005 నుంచి వాగుల్లో కలుస్తున్నాయని, తాగే నీరూ పొలాలూ పాడయ్యాయని 1,826 మంది పల్లెజనం దావా వేశారు. జాంబియాలో కాదు, లండన్‌లో. ఎందుకంటే వేదాంత రిసోర్సెస్ రిజిస్టర్ అయింది అక్కడ. 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ కేసు ఇక్కడ నడవొచ్చని తేల్చింది. 2021 జనవరిలో, తప్పు ఒప్పుకోకుండానే, కంపెనీ రాజీ చేసుకుంది.

ఇప్పుడు భోపాల్ చూడండి. 1985లో మన ప్రభుత్వమే న్యూయార్క్ కోర్టుకు వెళ్లి, ఇంత పెద్ద కేసు మోసే శక్తి మా కోర్టులకు లేదని చెప్పుకుంది. ఆ ఫ్యాక్టరీ అసలు యజమాని, అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ వాళ్లేమో భారతీయ కోర్టులు భేషుగ్గా ఉన్నాయని పొగిడారు. అందుకు సాక్ష్యంగా మన పేరుమోసిన లాయరు నానీ పాల్కీవాలా చేత అఫిడవిట్ కూడా ఇప్పించారు. 1986 మే 12న జడ్జి కీనన్ కేసును మన దేశానికే పంపేశాడు. అత్తగారింటి గుట్టు కోడలు బయటపెడితే పొరుగింటావిడ అత్తగారిని మెచ్చుకున్నట్టుంది వ్యవహారం.

నా ప్రశ్న: ఊరికో కోర్టు వెతుక్కునే ఈ తిప్పలు పోవాలంటే, బహుళజాతి కంపెనీలను మానవ హక్కుల విషయంలో నేరుగా కట్టిపడేసే అంతర్జాతీయ ఒప్పందం ఉండాలా? లేక ఏ దేశపు చట్టాలు ఆ దేశానికి చాలా? జెనీవాలో ఐక్యరాజ్యసమితి దగ్గర 2014 నుంచి దీని మీదే చర్చలు నడుస్తున్నాయి. ఉండాలనే నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.


నల్లకోటు:

కాదనే వాణ్ని నేనొకణ్ని ఉన్నాను. ప్రాక్టీసులో 19 ఏళ్లు అయింది, ఒప్పందాల మీద మోజు తీరింది.

ముందు ఒక సంగతి. అంతర్జాతీయ చట్టం రాజ్యాలతో మాట్లాడుతుంది, కంపెనీలతో కాదు. కంపెనీల గురించి ఐక్యరాజ్యసమితి దగ్గర ఉన్నది 2011 నాటి మార్గదర్శక సూత్రాలు. మొత్తం 31. జాన్ రగ్గీ అనే ప్రొఫెసర్ ఆరేళ్లు కూర్చుని తయారుచేశాడు. రాజ్యం కాపాడాలి, కంపెనీ గౌరవించాలి, బాధితుడికి ఉపశమనం దొరకాలి, ఇదీ సారాంశం. మంచి మాటలే. పాటించకపోతే శిక్ష లేదు.

అయితే భోపాల్ నష్టం ఒప్పందం లేకపోవడం వల్ల జరిగిందా? వరసగా చూడండి. 1985లో చట్టం చేసి బాధితులందరి తరఫునా దావా వేసే హక్కు కేంద్రమే తీసుకుంది. అడిగింది 330 కోట్ల డాలర్లు. 1989 ఫిబ్రవరిలో ఒప్పుకున్నది 47 కోట్ల డాలర్లు. గాయపడ్డవాళ్లలో చాలామందికి చేతికొచ్చింది ముందు 25,000, తర్వాత ఇంకో 25,000. యూనియన్ కార్బైడ్ ఛైర్మన్ వారెన్ ఆండర్సన్‌ను అరెస్టు చేసి ఆ రోజే 25,000 రూపాయల పూచీ మీద వదిలింది మనవాళ్లే. 1996లో కేసును నిర్లక్ష్యం వల్ల మరణం స్థాయికి దించింది మన సుప్రీంకోర్టే. 2010 జూన్ 7న ఇక్కడి అధికారులకు రెండేళ్ల శిక్ష పడింది, అప్పటికప్పుడే బెయిల్ వచ్చింది. ఇందులో జెనీవా ఆపగలిగింది ఏది?

ఇంకోటి. శ్రీరామ్ కంపెనీ ఓలియం గ్యాస్ కేసులో 1986 డిసెంబర్‌లో జస్టిస్ భగవతి బెంచ్ ఒక సూత్రం పెట్టింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి ఏ మినహాయింపూ లేదు, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యత అతనిదే, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. ఇంగ్లండ్ చట్టంలో కూడా ఇంత గట్టి సూత్రం లేదు. ఇంట్లో ఇంత పదునైన కత్తి పెట్టుకుని పక్కింటికి అరువుకు పోవడం ఎందుకు?


బాయిలర్ తాతయ్య:

లాయరు గారూ, మీరు చెప్పిన లెక్కలన్నీ గ్యాస్ వదిలాక జరిగినవి. నేను ఫ్యాక్టరీ మనిషిని. రిటైరయ్యి ఎనిమిదేళ్లు. గ్యాస్ వదలకముందు జరిగింది చెప్తాను.

భోపాల్‌లో 610 నంబరు ట్యాంకు. అందులో సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్. దాన్ని చల్లగా, సున్నా డిగ్రీల దగ్గర ఉంచాలి. చల్లబరిచే యూనిట్‌ను 1984 జూన్‌లోనే ఆపేశారు. గ్యాస్ తప్పించుకుంటే కడిగి విషం తీసేసే స్క్రబ్బర్ ఉంది, అది పనిలో లేదు. దాన్నీ దాటితే కాల్చేసే ఫ్లేర్ టవర్ ఉంది, దానికి వెళ్లే పైపు తుప్పుపట్టిందని ఊడదీసి మళ్లీ బిగించలేదు. ఆఖరికి నీళ్లు చిమ్మే గొట్టాలున్నాయి, అవి గ్యాస్ పోయే ఎత్తుకు అందలేదు. నాలుగు తలుపులు, నాలుగూ బార్లా.

ఇవన్నీ ఇక్కడి మేనేజర్ల సొంత తెలివేనా? 1982లో అమెరికా నుంచి వాళ్ల టీం వచ్చి ప్లాంటంతా తిరిగి లోపాలు రాసుకుని వెళ్లింది. అంటే పైవాడికి తెలుసు. 50.9 శాతం వాటా వాడిది, డిజైన్ వాడిది. కేసు వచ్చాక మాత్రం "అది వేరే కంపెనీ, మాది వేరే కంపెనీ" అన్నాడు.

నేను పనిచేసిన చోట కూడా పైన విదేశీ కంపెనీయే. పేరొద్దు. ఒక పంపుకు సీలు మార్చాలంటే, దాని ఖరీదు మా క్యాంటీన్ ఒక రోజు ఖర్చంత ఉండదు, రిక్వెస్టు పెట్టాలి, అది సింగపూర్ పోవాలి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోవాలి. నాకు గుర్తున్నంతలో ఒకసారి 47 రోజులు పట్టింది. అన్నాళ్లూ కింద బకెట్ పెట్టి షిఫ్టుకోసారి పారబోసేవాళ్లం. ఒకరోజు ఒక కుర్రాడి కాలు జారి చెయ్యి కాలింది. ఎంక్వయిరీ రిపోర్టులో రాసిన కారణం: "స్థానిక పర్యవేక్షణ లోపం". సీలుకు అప్పుడు మేం స్థానికులం కాదు, కాలిన చేతికి స్థానికులమయ్యాం.


పానకంలో పుడక:

తాతగారూ, ఆ బకెట్ ఖర్చు ఏ హెడ్ కింద రాశారో అడగాలనుంది.


డల్లాస్ బాబాయి:

తాతగారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆవేశం వేరు, పాలసీ వేరు. నేను కంపెనీల్లో రిస్క్ డిపార్టుమెంటు వైపు మనిషిని. ప్రతి అనుబంధ సంస్థ చేసే ప్రతి పనికీ మాతృసంస్థను అంతర్జాతీయంగా బోనెక్కిస్తామంటే, వాళ్లు చేసే మొదటి పని అనుబంధ సంస్థను వదిలించుకోవడం. వాటా తీసుకోరు, ఇంజనీర్లను పంపరు, ఆడిట్లు చేయరు. సరుకు మాత్రం కొనుక్కుంటారు. అప్పుడు మీకు 1982 రిపోర్టు కూడా మిగలదు.

పైగా జెనీవా తీర్మానాన్ని ఒక్కసారి చదవండి. ఈ చర్చలు మొదలుపెట్టిన, 2014 జూన్ 26 నాటి 26/9 తీర్మానం. అందులో ఒక ఫుట్‌నోట్ ఉంది: స్థానిక చట్టం కింద రిజిస్టరైన స్థానిక వ్యాపారాలకు ఇది వర్తించదని. అంటే విషం చిమ్మింది ఫారిన్ కంపెనీ అయితే మానవ హక్కు, మన ఊరి పెద్దమనిషిదైతే గాలి. పటాన్‌చెరు చెరువులను చంపినవన్నీ ఫారిన్ కంపెనీలేనా?


హిమబిందు ఎల్ఎల్ఎం:

బాబాయ్, ఫుట్‌నోట్ గురించి మీతో ఏకీభవిస్తాను. అది సిగ్గుచేటు. తర్వాత వచ్చిన ముసాయిదాల్లో అన్ని వ్యాపారాలనూ చేర్చే దిశగా మార్చారు, దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అయితే ఆ తీర్మానం ఓటింగు కూడా చూడండి. అనుకూలం 20, వ్యతిరేకం 14, తటస్థం 13. భారత్ అనుకూలంగా వేసింది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా వ్యతిరేకంగా వేశాయి. ఆరేళ్లకు, 2020 మే 7 తెల్లవారుజామున, విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది పోయారు. సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది. మాతృసంస్థ ఎక్కడిదో మీకు తెలుసు.

నల్లకోటు గారికి నా ప్రశ్న వేరే. కంపెనీలకు అంతర్జాతీయ చట్టంలో బాధ్యతలు లేవన్నారు. సరే. హక్కులు మాత్రం ఎలా ఉన్నాయి?

వైట్ ఇండస్ట్రీస్ కేసు మీకు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఆస్ట్రేలియా కంపెనీ. పిపర్వార్ బొగ్గు గని విషయంలో కోల్ ఇండియాతో గొడవ. 2002లో మధ్యవర్తిత్వంలో గెలిచింది, సుమారు 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. దాన్ని అమలు చేయించుకోవడానికి మన కోర్టుకొస్తే ఏళ్లూపూళ్లూ నాన్చారు. అప్పుడు ఆ కంపెనీ ఏం చేసింది? ఆస్ట్రేలియాతో అప్పట్లో మనకున్న పెట్టుబడి ఒప్పందం తీసుకుని, అందులో నుంచి కువైట్‌తో అప్పుడున్న ఒప్పందంలోని ఒక షరతును అరువు తెచ్చుకుని, 'మీ కోర్టుల ఆలస్యమే నాకు జరిగిన అన్యాయం' అని భారత ప్రభుత్వం మీదే అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కెక్కింది. 2011 నవంబరులో గెలిచింది.

తొమ్మిదేళ్ల ఆలస్యానికి ఒక కంపెనీకి అంతర్జాతీయ చట్టం కింద పరిహారం. భోపాల్ క్రిమినల్ కేసులో కింది కోర్టు తీర్పుకే పాతికేళ్లు దాటింది. ఆ ఆలస్యానికి బాధితులు ఏ ట్రిబ్యునల్‌కు పోవాలి సార్? కోర్టు ఒకటే, నత్తనడక ఒకటే. ఒకరికి మాత్రమే తలుపు ఉంది.

నాకు ఒప్పందం కావాలనిపించేది ఇక్కడ. కొత్త సౌకర్యం అడగడం లేదు. ఒక పక్క ఇచ్చిందే రెండో పక్కకూ ఇవ్వమంటున్నాను.


పానకంలో పుడక:

కువైట్ నుంచి షరతు అరువు! మా ఊళ్లో పెళ్లికి గిన్నెలు తెచ్చుకున్నట్టు.


నల్లకోటు:

హిమబిందు గారూ, దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. ఆ అసమానత నిజం. పెట్టుబడి ఒప్పందాలున్న దేశాల్లో కంపెనీకి రెండు కోర్టులు, జనానికి ఒకటి.

ఉపాయం దగ్గరే నాకు పేచీ. ఒప్పందానికి కోరలు రావాలంటే మాతృసంస్థలున్న దేశాలు సంతకం పెట్టాలి. మీరే చెప్పారు, వాళ్లు వ్యతిరేకంగా ఓటేశారని. బాధితులున్న దేశాలు తమలో తాము సంతకాలు చేసుకుంటే ఎవరి ఆస్తిని జప్తు చేస్తారు?

చరిత్ర కూడా అదే చెప్తోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నురెంబర్గ్‌లో ఐ.జి. ఫార్బెన్ కంపెనీ వాళ్లను విచారించారు. నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం పక్కనే ఖైదీల చేత వెట్టి చేయించుకుని ఫ్యాక్టరీ కట్టిన కంపెనీ అది. బోనులో నిలబడింది డైరెక్టర్లు, కంపెనీ కాదు. 1998లో రోమ్‌లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఏర్పాటు చేసేటప్పుడు కంపెనీలనూ చేర్చుదామని ఫ్రాన్స్ ప్రతిపాదించింది. ఒప్పుకోలేదు. యాభై ఏళ్లలో కదలనిది ఈ పదేళ్లలో కదులుతుందా?

కదిలింది ఎక్కడయ్యా అంటే మామూలు కోర్టుల్లో. జాంబియా కేసులో బ్రిటన్ కోర్టు కొత్త అంతర్జాతీయ సూత్రమేమీ తేలేదు. వేదాంత తన రిపోర్టుల్లో, అనుబంధ గనుల పర్యావరణ ప్రమాణాలు మేమే చూస్తామని గొప్పగా రాసుకుంది. నువ్వే చూస్తానన్నావు కదా, అయితే నీకూ బాధ్యత ఉందేమో విచారించాల్సిందే అంది కోర్టు. పక్కవాడి బావికి కాపలా కాస్తానని చెప్పి నిద్రపోతే ఎవరినడుగుతారు? అంతే. 2020లో కెనడా సుప్రీంకోర్టు నెవ్‌సన్ అనే గని కంపెనీ కేసులో ఇంకా ముందుకెళ్లింది. ఎరిట్రియాలోని బిషా గనిలో వెట్టిచాకిరీ ఆరోపణల మీద, దేశాలన్నీ ఆచారంగా పాటించే అంతర్జాతీయ నియమాలు కంపెనీకీ వర్తించవచ్చు, కేసు నడవనీయండి అంది. 5–4 తీర్పు. ఒప్పందం లేకుండానే వచ్చింది కదా.


ఉప్పుటేరు:

అన్నా, మీరు తలుపులు తెరుచుకున్న కోర్టులే చెప్పారు. మూసుకున్నవి చెప్పలేదు.

అమెరికాలో 1789 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీయులు అంతర్జాతీయ చట్టం ఉల్లంఘన మీద అక్కడ దావా వేయొచ్చు. 1980 తర్వాత దాని మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. నైజీరియాలోని ఒగోని తెగవాళ్లు చమురు కంపెనీ షెల్ మీద వేసిన కియోబెల్ కేసులో 2013లో సుప్రీంకోర్టు, మా గడ్డతో గట్టి సంబంధం ఉంటేనే రండి అంది. 2018లో జెస్నర్ కేసులో, విదేశీ కంపెనీల మీద అసలు కుదరదంది. ఒక్కో తీర్పుతో ఒక్కో గడియ పడింది. జడ్జిలు దయతలిస్తే తెరుచుకునే తలుపు, జడ్జిలు మారితే మూసుకుంటుంది. నా పాయింటు ఇదే.

తెరుచుకున్న చోటైనా ఎన్నేళ్లు పడుతోంది? నైజర్ డెల్టాలో ఒగాలే అనే ఊరుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో ఒగోని ప్రాంతమంతా పరీక్షించి రిపోర్టు ఇచ్చింది. ఒగాలేలో ఒక చోట జనం తాగే బావి నీళ్లలో బెంజీన్ ఉంది. కేన్సర్ తెచ్చే రసాయనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు 900 రెట్లకు పైగా. ఆ ఊరివాళ్లు 2015లో లండన్‌లో షెల్ మీద కేసు వేశారు. ఈ కోర్టు మా కేసు వినొచ్చా అన్న ఒక్క ప్రశ్న తేలడానికి 2021 ఫిబ్రవరి వచ్చింది. అప్పటికి ఇంకా నీళ్ల సంగతి మొదలే కాలేదు.

అదే డెల్టాలో బోడో అనే ఊరు. 2008లో రెండుసార్లు షెల్ పైపులైన్ పగిలి మడ అడవులన్నీ నల్లబడ్డాయి. కంపెనీ మొదట ఇవ్వజూపింది 4,000 పౌండ్లని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ చెప్పింది. మనిషికి కాదు, ఊరంతటికీ. లండన్‌లో కేసు వేశాక 2015లో ఇచ్చింది 5.5 కోట్ల పౌండ్లు. చమురు అదే, మడ అడవి అదే. కోర్టు మారేసరికి ఖరీదు ఎన్ని వేల రెట్లు పెరిగిందో లెక్కేసుకోండి.


డల్లాస్ బాబాయి:

అది నా వాదనకే పనికొస్తుంది ఉప్పుటేరూ. 5.5 కోట్లు రాబట్టింది ఒప్పందం కాదు, మామూలు సివిల్ దావా.


ఉప్పుటేరు:

రాబట్టింది లండన్ లాయర్లకు డబ్బొస్తుందన్న లెక్క కూడా బాబాయ్. ఆ లెక్క కుదరని ఊళ్ల మాటేమిటి?


నూలుపోగు:

చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. నేను తిరుపూర్‌లో బట్టల ఎక్స్‌పోర్టు యూనిట్‌లో కంప్లయన్స్ చూస్తాను, అంటే నియమాలు పాటిస్తున్నామో లేదో చూసే పని. మా అమ్మది చీరాల, అందుకని ఆ పేరు. బాబాయి గారు అన్న మాట, వాటా తీసుకోకుండా సరుకు మాత్రం కొంటారన్నది, మా లైన్‌లో ఎప్పుడో జరిగిపోయింది. యూరప్ బ్రాండ్‌కు మా యూనిట్‌లో ఒక్క రూపాయి వాటా లేదు. కానీ మా షట్టర్ ఎన్ని గంటలకు దించాలో నిర్ణయించేది వాళ్ల డెలివరీ డేటు.

ఆడిట్ రోజు ఎలా ఉంటుందో చెప్తాను, పాత కంపెనీలో సంగతి. ముందురోజు సాయంత్రం ఫోనొస్తుంది. ఫైర్ డోర్‌కు అడ్డంగా ఉన్న అట్టపెట్టెలు గోడౌన్‌కు పోతాయి. తాళం తీసి, తాళంచెవి నా డ్రాయర్‌లో వేస్తారు. హాజరు రిజిస్టర్లు రెండు: ఒకటి జీతాలకు, ఒకటి ఆడిటర్‌కు. ఓవర్‌టైమ్ ఉన్న అమ్మాయిలకు ఆ రోజు సెలవు. ఆడిటర్ వస్తాడు, ఫొటోలు తీస్తాడు, టీ తాగుతాడు, నా టేబుల్ మీదే కూర్చుని రిపోర్టు కొడతాడు. అతను తిరుపూర్ దాటకముందే పెట్టెలు మళ్లీ తలుపు దగ్గరికొస్తాయి. ఇలాంటి ఆడిట్లలో మాకు మంచి మార్కులే వచ్చేవి.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు వాళ్లను రావొద్దన్నారు, పైన కుట్టుమిషన్ల వాళ్లను లోపలికి పంపారు. ఆ బిల్డింగులో బట్టలు కుట్టించుకున్న బ్రాండ్లలో కొన్నింటికి ఆడిట్ రిపోర్టులూ ఉన్నాయి. ఆ యూనిట్లన్నీ స్థానికంగా రిజిస్టరైనవే, కాబట్టి ఆ 26/9 ఫుట్‌నోట్ ప్రకారం ఒప్పందం కిందికే రావు.

తర్వాత పనిచేసింది ఏమిటో తెలుసా? ఒప్పందమే, కాకపోతే దేశాల మధ్య కాదు. కార్మిక సంఘాలకూ 200 పైచిలుకు బ్రాండ్లకూ మధ్య 'అకార్డ్' అని ఒక కాంట్రాక్టు. బ్రాండ్ మాట తప్పితే సంఘం మధ్యవర్తిత్వానికి లాగొచ్చు. నిజంగానే లాగారు కూడా, డబ్బు కట్టించారు. ఇంజనీర్లు వచ్చి స్తంభాలు కొలిచారు, తాళాలు వేసే గేట్లు పీకించారు. రిపోర్టులు యూనిట్ పేరుతో సహా నెట్‌లో పెట్టారు. అందుకే నా మాట అటూ ఇటూ కాదు: సంతకం ఎవరిదన్నది కాదు, సంతకం పెట్టినవాణ్ని లాగే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది చూడండి. ఐక్యరాజ్యసమితి సూత్రాల కింద నన్ను లాగే హక్కు ఎవరికీ లేదు. అందుకే తాళంచెవి నా డ్రాయర్‌లో ఉండేది.


బాయిలర్ తాతయ్య:

అమ్మా నూలుపోగూ, రెండు రిజిస్టర్ల సంగతి ధైర్యంగా చెప్పావు. నా కాలంలోనూ ఉండేవి, నేను చెప్పలేదు.


డల్లాస్ బాబాయి:

నూలుపోగు గారి పోస్టు చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఆడిట్ రిపోర్టులు అటువైపు కూర్చుని చదివే ఉద్యోగం నాది. మార్కులు చూసేవాళ్లం, తలుపు చూసేవాళ్లం కాదు. ఆ ముక్క ఒప్పుకుంటాను.

అయినా నా మాట అక్కడే ఉంది. ఫ్రాన్స్ 2017లో చట్టం చేసింది, పెద్ద కంపెనీలు తమ సప్లయర్ల దగ్గర కూడా హక్కుల పరిస్థితి చూసుకోవాలని. జర్మనీ చట్టం 2023 నుంచి అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ మొత్తానికి 2024లో ఇలాంటిదే ఒక ఆదేశం (డైరెక్టివ్) వచ్చింది. ఏడాది తిరక్కుండా, భారం ఎక్కువైందని వాళ్లే గడువులు వెనక్కి జరిపి సడలింపులు మొదలుపెట్టారు. సంపన్న దేశాలకే మోయలేనంత బరువైతే, ప్రపంచమంతటికీ ఒక్క కొలత కుట్టడం కుదరదు. ఇంకో మాట. ఇప్పుడు ఆఫ్రికాలో గనులూ భూములూ తీసుకుంటున్న మన కంపెనీలున్నాయి. ఇథియోపియా గాంబెల్లాలో ఒకప్పుడు లక్ష హెక్టార్లు లీజుకు తీసుకున్నది బెంగళూరు కంపెనీ. రేపు అక్కడి రైతు వచ్చి బెంగళూరు సివిల్ కోర్టులో దావా వేస్తే మనం సిద్ధమేనా? 2014లో చెయ్యెత్తినప్పుడు ఢిల్లీ ఇది ఆలోచించిందంటారా?


హిమబిందు ఎల్ఎల్ఎం:

సిద్ధంగా ఉండాలి బాబాయ్. ఆలోచించి ఉండకపోతే ఇప్పుడు ఆలోచించాలి. న్యూయార్క్‌లో మనం అడిగిందే ఆ రైతు బెంగళూరులో అడుగుతాడు, అప్పుడు మనమేం చెప్తాం? మీ కోర్టులు భేషుగ్గా ఉన్నాయి, వెనక్కి వెళ్లమనా?


పానకంలో పుడక:

ముందు బెంగళూరులో వాయిదా దొరకాలి. తర్వాత ఇథియోపియా.


నల్లకోటు:

పుడక గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను.

ఒకటి అడుగుతాను, ఎవరైనా సూటిగా చెప్పండి. జాంబియా వాళ్లు సొంత దేశంలో ఎందుకు వేయలేదు? అందరూ అక్కడి కోర్టులు చెడ్డవనుకుంటారు. బ్రిటన్ కోర్టు ఆ మాట అనలేదు. కేసు నడవాల్సిన సహజమైన చోటు జాంబియాయే అంది. మరి లండన్‌లో ఎందుకు ఉంచిందంటే, అంత పెద్ద కేసు మోయడానికి అక్కడి పేదవాళ్లకు లీగల్ ఎయిడ్ సరిపోదు, గెలిస్తేనే ఫీజు అన్న పద్ధతి అక్కడి చట్టం ఒప్పుకోదు, అలాంటి కేసు నడిపే టీమ్ లేదు. అంటే కొరత చట్టానిది కాదు, ఖర్చుది. ఖర్చుకు ఒప్పందం ఎందుకు? ఒక నిధి పెట్టండి చాలు.


ఉప్పుటేరు:

చెప్తాను. లండన్‌కు ముందే ఇంకో కేసు జాంబియాలోనే నడిచింది అన్నా. అదే గని, అదే కాలుష్యం. సుమారు 2,000 మంది. 2011లో హైకోర్టు జడ్జి కంపెనీని గట్టిగా తిట్టి అందరికీ పరిహారం ఇమ్మన్నాడు. అప్పీలు 2015 దాకా నడిచింది. కాలుష్యం జరిగింది, కంపెనీదే బాధ్యత అని సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. పరిహారం మాత్రం 12 మందికి ఇచ్చింది.

12. ఎందుకంటే, ఆ నీళ్లు తాగి జబ్బు పడ్డామని మెడికల్ రిపోర్టు చూపించగలిగింది ఆ 12 మందే.

రిపోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? ఆస్పత్రికి వెళ్లగలిగినవాడి దగ్గర. నీళ్లలో ఏం కలిసిందో లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? గని దగ్గర. మీ నిధి లాయర్ ఫీజు కడుతుంది సరే, గని ఆఫీసులోని లాగ్‌బుక్కు ఎలా తెస్తుంది?


బాయిలర్ తాతయ్య:

లాగ్‌బుక్కు గురించి నేను చెప్పగలను. ప్రతి షిఫ్టుకూ ట్యాంకు టెంపరేచరు రాస్తాం, కింద సంతకం పెడతాం. యాక్సిడెంటు అయిన రోజు మొదట మాయమయ్యేది అదే పుస్తకం. ఊళ్లోవాడు దాన్ని ఎలా తెస్తాడు? అతనికి ట్యాంకు నంబరు కూడా తెలియదు.


హిమబిందు ఎల్ఎల్ఎం:

జెనీవా ముసాయిదాలో నాకు నచ్చిన చోటు ఇదే. 2021 నాటి మూడో ముసాయిదా, 7వ అధికరణం. తగిన కేసుల్లో రుజువు చేసే భారాన్ని తిప్పివేసే అధికారం జడ్జిలకిస్తూ దేశాలు చట్టాలు మార్చుకోవాలని రాశారు. అంటే నీళ్ల వల్లే జబ్బు పడ్డానని ఊరివాడు నిరూపించనక్కర్లేదు, మా నీళ్ల వల్ల కాదని కంపెనీ లాగ్‌బుక్కు తెచ్చి చూపించుకోవాలి.


నల్లకోటు:

ఆ ఒక్క అధికరణం నాకూ కావాలి. కాకపోతే దాన్ని మన పార్లమెంటే రేపు ఉదయం చేయొచ్చు. వరకట్న మరణాల్లో, అదుపులో ఉండగా జరిగిన అత్యాచారాల్లో భారం తిప్పడం మన చట్టానికి కొత్త కాదు. జెనీవా దాకా ఎందుకు?


ఉప్పుటేరు:

చేయొచ్చు. 1985 నుంచి చేయొచ్చు.


డల్లాస్ బాబాయి:

భారం తిప్పితే ప్రతి దగ్గుకీ కంపెనీ జవాబు చెప్పాలి. నేను ఒప్పుకోను. అయితే తాతగారూ, ఒక్కటి చెప్పండి. ఆ లాగ్‌బుక్కు రెండో కాపీ ఎక్కడైనా ఉంటుందా?


బాయిలర్ తాతయ్య:

ఉంటుంది నాయనా. నెలకోసారి సింగపూర్ పంపేవాళ్లం.